ఇరవైనాలుగు దినాల వంట

కడప ఏడురోడ్ల కాడ రాత్రి పదికి బస్సెక్కినా.
డిక్కీలో రెండు సిలిండర్లు, నాలుగు మూటల బియ్యం.
పైన ముప్పైయారు మంది,
గైడు సాల్మన్ రాజు, ఒక మైకు.
దొరలు కట్టిన ఊర్లన్నీ చూపిస్తారంట.
ఏ ఊరు ఏ దొరలదో కాగితమ్మీద అచ్చేసి
సీటుకొకటి పంచినారు.
నా సీటు డ్రైవరు పక్కన, ఇంజను మూత మీద.
నాకు కాగితం రాలేదు.

వాళ్ళు ఊర్లను ముందునుంచి చూసినారు,
నేను వెనకనుంచి.
చెన్నపట్నం కోటంటే నాకు
నీళ్ళ ట్యాంకరు తిరగలేని ఒక సందు.
పుదుచ్చేరి పసుప్పచ్చ గోడల వీధంటే
తెల్లారి నాలుక్కు కుళాయి కింద బియ్యం కడిగిన చప్పుడు.
తరంగంబాడిలో డేన్మార్కు దొరల కోట వెనక
సముద్రం గాలికి పొయ్యి నిలబళ్ళేదు,
ఉప్మా మూడుసార్లు ఆగిపోయింది.
మైకులో "నాలుగు వందలేండ్ల కిందట" అని వినపడతాంటే
కొండమ్మ టీచరు దిగొచ్చి
"ఓబులేసూ, కాఫీ యాడికొచ్చింది?" అనె.
"దొరలు పోయినాక వచ్చాదిలేమ్మా" అంటి.

నాగపట్నంలో ఒక సత్రం.
వంటింట్లో కూరగాయలు తరగను కూర్చుంటే
కింద చల్లగా తగిలింది.
నీళ్ళు చల్లి అరిచేత్తో తుడిస్తి.
నల్లబండ. లోపల సన్నగా బూడిద గీత.
ఎర్రగుంట్ల కాడ గనిలో మా నాయన
ఉలి దించి పొరపొరగా లేపింది ఇట్లాంటిదే.
పొర లేచేముందు రాయి ఒక సద్దు చేస్తాది,
ఎవరో పక్కగదిలో అప్పడం విరిచినట్టు.
ఆ సద్దు వినపడితేనే ఆ పొద్దుకు కూలి.
లారీ ఎక్కినాక అది యాడికి పోతాదో
నాయన ఎప్పుడూ అడగలేదు.

గైడును పిల్చి చూపిస్తి.
"ఇది మా ఊరిది సార్."
వంగి చూసినాడు పాపం.
"పాతది కాదులే. ఇరవై ఏండ్లుంటాయి" అన్యాడు.
మైకుకు పనికొచ్చే వయసు కాదు దానిది.

కొచ్చిలో మిరియాల గోడౌన్ల వీధి.
వీటికోసమే వాళ్ళు అన్ని సముద్రాలు దాటొచ్చినారంట.
ఆ పొద్దు పొంగలిలో ఒక పిడికెడు ఎక్కువేస్తి.
ఎవరూ తినలేకపాయిరి.

అందరూ తలలెత్తి కమానులు చూస్తాంటే
నేను తల దించుకొని నడిచినా.
లాడ్జి బాత్రూము గడప,
చేపల అంగడి బల్ల,
చర్చి వెనక బట్టలుతికే బండ.
చిట్టాలో పాల లెక్క కింద రాసుకుంటి: పదకొండు.
ఒకటి రెండు మనవి కాకపోవచ్చు,
చీకట్లో చూసినవి.

గోవాలో చౌడప్ప సారు సాంబారు పోసుకుంటా చెప్పినాడు:
మన సీమ కూడా కాగితమ్మీద చేతులు మారిందేనంట.
సైన్యం ఖర్చుకు నిజాము
కడపా బళ్ళారీ అన్నీ కలిపి దొరలకిచ్చేసినాడంట.
దత్తమండలాలంట ఆ పేరు.
దత్తంటే బిడ్డను తెచ్చుకోడం అనుకుంటి ఇన్నాళ్ళూ.
అంగడి బాకీ కింద
ఇంట్లో ఇత్తడి బిందె దించిపోడమని తెలీదు.
"మరి మన ఊరు కాగితంలో లేదే సారూ?"
వెతికినాడు. వెనక్కి తిప్పి కూడా చూసినాడు.
"మన కాడ వాళ్ళు కట్టింది తక్కువప్పా,
శిస్తు కట్టించుకునిందే ఎక్కువ" అని
తనే నవ్వి, మజ్జిగ అడిగినాడు.

బళ్ళారి, గుత్తి, తాడిపత్రి.
ముద్దనూరు కాడ సాల్మన్ రాజు మైకు ఆపి
వైరు చుట్టి బ్యాగులో పెట్టుకున్యాడు.
చూపించేటివి అయిపోయినాయి.
బస్సంతా గురక.
ఎర్రగుంట్లలో తెల్లారింది.
రోడ్డుకు రెండుపక్కలా బండలు
ఏటవాలుగా, ఒకదాని మీద ఒకటి ఆనుకొని
లారీలకోసం నిలబడుండాయి.
ఇంజను మూత ఇంకా కాలతాండాది.
మెల్లిగా డ్రైవరుకు చెప్పినా:
"ఆ ఎడమపక్క, నీళ్ళు నిండిన గుంత ఉందే,
అది మా నాయన తవ్వింది."
డ్రైవరు హారన్ కొట్టినాడు, పొడుగ్గా.
బర్రె అడ్డమొచ్చిందిలే, అందుకు.